మా పాపకి డిబేట్‌లో మూడో జార్జ్ రాజు తరఫున మాట్లాడమని వచ్చింది, ఏం చెప్పించాలి?

నల్లకుంట నాన్న:

అందరికీ నమస్తే. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, వచ్చే శనివారం స్కూల్లో డిబేట్. టాపిక్ ఏంటంటే "అమెరికా చేజారిపోవడానికి మూడో జార్జ్ రాజే కారణం" అని. చీటీలు తీస్తే దీనికి రాజు కారణం కాదు అని వాదించే సైడ్ వచ్చింది. నిన్నటి నుంచి మూతి ముడుచుకుని కూర్చుంది, అందరూ ఆయన్ని విలన్ అంటుంటే నాకే ఎందుకు నాన్నా ఈ చీటీ వచ్చింది అని ఒకటే గోల.

నాకు తెలిసింది ఏముంది, టీ పెట్టెలు సముద్రంలో పడేశారు, వాషింగ్టన్ గెలిచాడు, అయిపోయింది. మా టైంలో సోషల్ బుక్కులో పేజీన్నర ఉండేది, పరీక్షకి రాదులే అని మా సార్ అది కూడా ఎగ్గొట్టేశారు. నెట్‌లో చూస్తే ఒకచోట పిచ్చి రాజు అంటారు, ఇంకోచోట పాపం వ్యవసాయం అంటే ఇష్టం, భార్యాపిల్లలే లోకం, చాలా మంచోడు అంటారు. వాట్సాప్‌లో మా బావమరిది పంపిన దాంట్లో అయితే అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776 జులై 4న రాజు తన డైరీలో "ఈరోజు చెప్పుకోదగ్గది ఏం జరగలేదు" అని రాసుకున్నాడట. పాప అది చెప్తే హాలంతా నవ్వుతారని అదే ఓపెనింగ్ లైన్ పెట్టేసుకుంది.

అసలు పన్నులు వేసింది రాజా పార్లమెంటా, యుద్ధం చెయ్యాలన్నది ఎవరు, ఈ పిచ్చి గొడవేంటి, తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

చిక్కడపల్లి లైబ్రరీ బ్యాచ్:

అన్నా ముందుగాల ఆ డైరీ ముచ్చట తీసెయ్యమను పాపని. ఆయన డైరీ రాసే మనిషే కాదు, అదంతా ఎవడో పుట్టిచ్చిన కథ. అవతల టీంల ఒక్కడు తెలిసినోడు లేచిండంటే ఓపెనింగ్‌లనే వికెట్ పోతది. ఇంకోటి ఆలోచించు, అప్పట్ల ఓడ అట్లాంటిక్ దాటాలంటే నెలన్నర రెండు నెలలు, జులై 4 నాడు ఫిలడెల్ఫియాల ఏమైందో లండన్‌ల ఆగస్టుల గానీ తెల్వలే, ఇగ ఆ దినమే డైరీల ఏం రాస్తడు.

పిచ్చి రాజు అన్నదానికి గూడ డేట్లే సమాధానం. గట్టిగ మతి తప్పింది 1788ల, యుద్ధం అయిపోయి పారిస్‌ల సంతకాలు పడ్డది 1783ల. ఐదేండ్ల తర్వాత వచ్చిన రోగానికి ముందుగాల పోయిన అమెరికాని ముడి పెడ్తే ఎట్ల. ఇది పాపకి సిక్సర్ పాయింట్.

ఇగ పన్నులు. 1763ల ఫ్రాన్స్‌తోని ఏడేండ్ల యుద్ధం అయిపొయ్యేసరికి ఇంగ్లండ్ అప్పు దాదాపు డబుల్ అయ్యింది, ఏడున్నర కోట్ల పౌండ్ల కాడ ఉన్నది 13 కోట్ల దాక పోయింది, మరి అమెరికాల సైన్యాన్ని పెట్టుడు ఆళ్ళ కోసమే గదా, ఆళ్ళు గూడ కొంత కట్టాలె అని గ్రెన్‌విల్ అనే ప్రధానమంత్రి 1765ల స్టాంప్ చట్టం తెచ్చిండు. పేపర్లకి, దస్తావేజులకి, ఆఖరికి పేకముక్కలకి గూడ స్టాంపు. మీ సభల మేము పంపిన మనిషి లేడు, మీరెట్ల పన్నేస్తరు అని ఆళ్ళు ఎదురు తిరిగిన్రు. రాజుకి ఆ గ్రెన్‌విల్ అంటేనే పడది, గంటలు గంటలు లెక్చర్ కొడ్తడని తలనొప్పి, అదే ఏడు జులైల పీకేసిండు. 1766ల ఆ చట్టం రద్దు చేస్తుంటే రాజు అడ్డం పడలే, సపోర్టే చేసిండు. ఆయనకి ఈ పన్ను మీద పెద్ద ప్రేమ ఏం లేకుండె.

టీ ముచ్చట ఇంకా మస్తుంటది, మనకి దగ్గరిది. ఈస్టిండియా కంపెనీ దివాళా తీసే కాడికి వచ్చింది, 1770ల బెంగాల్ కరువు, మిలిటరీ ఖర్చు, పైకెల్లి లండన్ గోదాముల్ల కోటిన్నర పౌండ్ల బరువుకి మించి టీ ఆకు పడి ఉన్నది అమ్ముడు పోక. దాన్ని ఒడ్డుకేసుటానికి 1773ల టీ చట్టం, డైరెక్టుగ అమెరికాల అమ్ముకోండ్రి అని. నిజానికి దాంతోని టీ చౌక అయింది, గానీ పౌనుకి 3 పెన్స్ పన్ను మాత్రం అప్పటి ప్రధానమంత్రి లార్డ్ నార్త్ తియ్యలే. ఆ మూడు పెన్నీలు వదిలేస్తే పొయ్యేది. గోటితోని పొయ్యేదానికి గొడ్డలి దాక తెచ్చుకున్నరు. డిసెంబర్ 16 రాత్రి బోస్టన్‌ల 342 పెట్టెలు నీళ్ళపాలు. ఈ మొత్తం కథల రాజు ఎక్కడున్నడు చెప్పు. మంత్రులు, పార్లమెంటు, కంపెనీ, అంతే.

జెర్సీ నుంచి సీతాఫల్‌మండి:

పాపకి ఒక విగ్రహం కథ చెప్పండి, స్టేజ్ మీద బాగా పనికొస్తుంది. న్యూయార్క్‌లో కింద చివర బౌలింగ్ గ్రీన్ అని చిన్న పార్కు ఉంటుంది, మా ఆఫీసుకి దగ్గర, లంచ్ టైంలో వెళ్ళి కూర్చుంటా. స్టాంప్ చట్టం రద్దయింది కదా, దానికి థాంక్స్ చెప్తూ న్యూయార్క్ వాళ్ళే రాజుగారికి గుర్రం మీద కూర్చున్న సీసపు విగ్రహం ఆర్డర్ ఇచ్చారు, బంగారు పూత కూడా, 1770లో పెట్టారు. అంటే 1766లో ఆయన వీళ్ళకి దేవుడు అన్నట్టే. తీరా 1776 జులై 9న స్వాతంత్ర్య డిక్లరేషన్ చదివి వినిపించిన సాయంత్రమే జనం వచ్చి తాళ్ళు కట్టి లాగి పడేశారు, ఆ సీసం కనెక్టికట్‌కి తీసుకెళ్ళి కరిగించి 42,088 తూటాలు పోశారని లెక్క ఉంది. రాజుగారి సైన్యం మీదకి రాజుగారి విగ్రహమే వెళ్ళింది అన్నమాట.

విగ్రహం లేదు కానీ దాని చుట్టూ వేసిన ఇనప కంచె ఇంకా అదే ఉంది. స్తంభాల మీద అలంకారంగా ఉన్న ముక్కలు అప్పట్లో కోసేశారు. చెయ్యి పెట్టి చూస్తే పైన సాఫీగా ఉండదు, రంపం పెట్టిన చోట ఎగుడుదిగుడుగా వేళ్ళకి తగులుతుంది, ఒక్కో స్తంభానికి ఒక్కో రకంగా. ఎన్ని పెయింట్లు వేశారో ఈ రెండొందల యాభై ఏళ్ళలో, అయినా తెలుస్తుంది. మా అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపిస్తే మా నాన్న "ఇదేంట్రా, మన స్లాబ్ మీద కోసిన ఊచల్లా ఉంది" అన్నారు.

మీ పాప పాయింట్ ఏంటంటే, ఆరేళ్ళలో రాజు మారలేదు, జనానికి కోపం పెట్టుకోవడానికి ఒక మొహం కావాల్సొచ్చింది. డిక్లరేషన్ చదవండి, 27 ఫిర్యాదులు, చాలావరకు "అతడు ఇలా చేశాడు, అతడు అలా చేశాడు" అనే మొదలవుతాయి, పార్లమెంట్ అన్న మాటే అందులో ఎక్కడా రాదు. పన్నులు వేసింది ఎవరు, తిట్లు తిన్నది ఎవరు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు.

రిటైర్డ్ మేష్టారు, వనస్థలిపురం:

పై ఇద్దరూ బాగానే చెప్పారు కానీ సగమే చెప్పారు నాయనా. ఇలా పంపిస్తే పాప ఓడిపోతుంది, అందుకని రెండో సగం నేను చెబుతా.

ముందు ఆ అత్తా దుత్తా సామెత ఇక్కడ అతకదు. పార్లమెంట్ పేరు ఎత్తకపోవడం కోపంలో జరిగిన పొరపాటు కాదు, కావాలని చేసిందే. అమెరికా వాళ్ళ వాదన ఏమిటంటే మీ పార్లమెంట్‌కి మా మీద అధికారమే లేదు, మమ్మల్ని మీతో కలిపింది ఒక్క రాజే అని. 1775 దాకా కూడా వాళ్ళు ఎదురు నిలిచిన సైన్యాన్ని "మంత్రుల సైన్యం" అనేవాళ్ళు, రాజు మంచివాడు చుట్టూ ఉన్నవాళ్ళే చెడగొడుతున్నారు అనుకునేవాళ్ళు, మన పల్లెటూళ్ళలో దొర మంచోడే కరణమే వెధవ అనుకున్నట్టు. అలాంటప్పుడు విడిపోవాలంటే తెంచుకోవాల్సిన దారం ఒక్కటే మిగిలింది, అది రాజు. లేని సంబంధానికి విడాకులు ఎవరిస్తారు.

మరి ఆ మంచి రాజు అనే నమ్మకం పోయింది ఎందుకు? ఇక్కడే ఆయన పాత్ర మొదలవుతుంది. 1774 ఫిబ్రవరిలో గేజ్ అనే జనరల్ రాజుని కలిసి మనం గొర్రెపిల్లల్లా ఉన్నంతకాలం వాళ్ళు సింహాలవుతారు, గట్టిగా ఉంటే తోక ముడుస్తారు, బోస్టన్‌కి నాలుగు రెజిమెంట్లు చాలు అన్నాడు. రాజుకి ఆ మాట బాగా నచ్చింది. అదే గేజ్ బోస్టన్ వెళ్ళి కళ్ళారా చూశాక అమ్మో ఇది నాలుగు రెజిమెంట్లతో అయ్యే పని కాదు, టీ పారేసినందుకు బోస్టన్ మీద పెట్టిన శిక్ష చట్టాలు కొన్నాళ్ళు ఆపండి అని రాశాడు. అప్పుడు మాత్రం రాజు వినలేదు, అంతకంటే అర్థం లేని సలహా ఇంకోటి ఉండదని కొట్టిపారేశాడు. ఆ నవంబర్‌లోనే లార్డ్ నార్త్‌కి ఉత్తరం, వాళ్ళు మనకి లోబడి ఉంటారా స్వతంత్రులవుతారా అన్నది ఇక దెబ్బలే తేల్చాలి అని. గమనించండి, లెక్సింగ్టన్‌లో మొదటి తుపాకి పేలడానికి ఐదు నెలల ముందు మాట ఇది.

1775లో ఫిలడెల్ఫియాలో కూడిన అమెరికా ప్రతినిధుల సభ, కాంగ్రెస్ వాళ్ళు ఆఖరి ప్రయత్నంగా రాజుకి బతిమాలుతూ ఒక అర్జీ పంపారు, ఆలివ్ కొమ్మ అర్జీ అంటారు దాన్ని. ఆయన తీసుకోను పొమ్మన్నాడు. ఆగస్టు 23న వాళ్ళంతా తిరుగుబాటుదారులని ప్రకటన ఇచ్చేశాడు. ఇక సైన్యం చాలక రష్యా మహారాణి కేథరిన్‌ని 20,000 మందిని ఇమ్మని అడిగాడు, ఆవిడ ఇవ్వనంది. అప్పుడు హెస్సె లాంటి జర్మన్ సంస్థానాల నుంచి యుద్ధం మొత్తం మీద దగ్గర దగ్గర 30,000 మందిని డబ్బిచ్చి తెచ్చుకున్నారు. మా రాజు మా మీదకి కిరాయి మనుషుల్ని పంపాడు అన్నది అమెరికాలో మామూలు జనానికి తగిలినంత ఆ మూడు పెన్నీల పన్ను కూడా తగల్లేదని నా అభిప్రాయం.

అన్నిటికంటే పెద్దది చివర్లో ఉంది. 1777 అక్టోబర్‌లో సారటోగా దగ్గర ఒక ఇంగ్లీషు సైన్యానికి సైన్యమే లొంగిపోయింది, మరుసటేడు ఫ్రాన్స్ అమెరికా పక్షాన దిగింది. నార్త్ అప్పటికే డీలా పడిపోయాడు, నా వల్ల కాదు మహాప్రభో నన్ను వదిలెయ్యండి అని మాటిమాటికీ రాజీనామా ఇస్తానంటాడు, రాజు ఒప్పుకోడు. పైగా అంతకుముందే ఆయన సొంత అప్పులు 20,000 పౌండ్ల దాకా రాజే తీర్చాడు, ఆ మొహమాటం ఒకటి, నోరెత్తలేడు. అమెరికా పోతే వెస్టిండీస్ దీవులు పోతాయి, తర్వాత ఐర్లండ్ పోతుంది, ఇక ఇంగ్లండ్ ఒక పేద దీవిగా మిగులుతుంది, ఇదీ రాజుగారి భయం. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. 1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ లొంగిపోయాడని తెలిసి నార్త్ అయిపోయింది భగవంతుడా అంతా అయిపోయింది అని గదిలో అటూ ఇటూ తిరిగాడట, రాజు మాత్రం ఇంకా యుద్ధం చేద్దాం అనే అన్నాడు. 1782 ఫిబ్రవరిలో కామన్స్ సభ ఇక చాలు అని ఓటేస్తే గానీ ఆగలేదు. అప్పుడు సింహాసనం వదిలేస్తానని ఉత్తరం కూడా రాసుకున్నాడు, పంపలేదు. ఆ చిత్తుప్రతి ఇప్పటికీ విండ్సర్‌లో భద్రంగా ఉంది.

కాబట్టి పాపకి నా సలహా, యుద్ధం మొదలవ్వడం వేరు, నాలుగైదేళ్ళు సాగడం వేరు అని చెప్పమనండి. మొదటిదానికి రాజు ముఖ్య కారణం కాదు, గట్టిగా వాదించొచ్చు. రెండోదాంట్లో ఆయన చెయ్యి ఉంది, దాన్ని కాదనబోతే దొరికిపోతుంది. టాపిక్‌లో ఉన్న మాట "చేజారిపోవడానికి", ఆ మాట పట్టుకోమనండి.

నల్లకుంట నాన్న:

మేష్టారూ మీరు అవతల టీం కోచ్ అనుకుని ఒక్క నిమిషం భయపడ్డాం ఇంట్లో అందరం 😀 కానీ పాప మొత్తం రెండుసార్లు చదివింది. డైరీ లైన్ కొట్టేసింది, ఆ ప్లేస్‌లో విగ్రహం పెట్టింది. మూతి ముడుపు కూడా కొంచెం తగ్గింది.

గుంటూరు టు కూకట్‌పల్లి:

టాపిక్ పక్కకి వెళ్తుందేమో గానీ ఆగలేక చెప్తున్నా, ఈ యుద్ధానికి మా గుంటూరుకి లింకు ఉంది. 1778లో ఫ్రాన్స్ దిగింది అన్నారు కదా, దాంతో ఇక్కడ కూడా ఇంగ్లీషోళ్ళు ఫ్రెంచోళ్ళ మీద పడ్డారు, 1779లో మలబార్ తీరంలో మాహే పట్టుకున్నారు. అది నా రక్షణలో ఉన్న రేవు అని హైదర్ అలీకి మండిపోయింది. ఇంకోపక్క గుంటూరు సర్కారేమో హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండేది, మద్రాసు కంపెనీ వాళ్ళు నిజాంకి ఒక్క మాట చెప్పకుండా తమ్ముడి దగ్గర లీజుకి రాయించుకుని మళ్ళీ దాన్ని ఆర్కాట్ నవాబుకి లీజుకిచ్చేశారు. సందట్లో సడేమియా అంటే ఇదే. నిజాంకి ఒళ్ళు మండి హైదర్, మరాఠాలతో చేతులు కలిపాడు, వారెన్ హేస్టింగ్స్ పరిగెత్తుకొచ్చి గుంటూరు వెనక్కిచ్చేస్తే గానీ చల్లబడలేదు. చివరికి 1788లో ఎలాగూ వాళ్ళే తీసుకున్నారు లెండి, కానీ ఆ టైంలో అమెరికాలో చేతులు నిండా పని లేకపోతే అంత ఈజీగా వెనక్కిచ్చేవాళ్ళా అని నా డౌటు.

ఈ జార్జ్ రాజు జర్మనీలో హానోవర్‌కి కూడా పాలకుడు కదా, ఆ హానోవర్ రెజిమెంట్లు రెండు మద్రాసుకి వచ్చాయి, 1783లో కడలూరు దగ్గర ఫ్రెంచోళ్ళతో యుద్ధంలో ఉన్నాయి. ఇక యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిస్ (ఒంట్లో బాలేదని చెప్పి తను రాకుండా కింద ఆఫీసర్‌తో కత్తి ఇప్పించాడు, అదో టైపు) 1786లో మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. అక్కడ ఓడిపోయిన మనిషే ఇక్కడ 1792లో నిజాం సైన్యాన్ని, మరాఠాల్ని వెంటేసుకుని టిప్పుని ఓడించాడు. రాజుగారికి ఆయన మీద కోపమే లేదు, పైగా ప్రమోషన్. మా ఆఫీసులో కూడా ప్రాజెక్ట్ ముంచినోడినే ఇంకో ప్రాజెక్ట్‌కి హెడ్ చేస్తారు.

చిక్కడపల్లి లైబ్రరీ బ్యాచ్:

మేష్టారు చెప్పింది కరెక్టే, నేను 1773 కాడనే ఆపేసిన, ఒప్పుకుంటున్న.

గుంటూరన్న తీసిండు కాబట్టి నేను గూడ ఒకటి. రాజు ఎటు దిక్కు ఉంటే ఏమైతదో చూడాలంటే కోఠి పోతే సాలు. బస్టాండ్ కాడ తుర్రేబాజ్ ఖాన్ పేరు మీద కట్టిన స్తూపం ఉంటది, రోజు వేలమంది దాని పక్కకెళ్ళి బస్సెక్కుతరు, ఎవడు తల తిప్పి చూడడు. 1857 జులై 17 నాడు ఆయన, మౌల్వీ అలావుద్దీన్, రొహిల్లా పఠాన్లని ఎంటేసుకుని ఇంగ్లీషోళ్ళ రెసిడెన్సీ మీద పడ్డరు, ఇప్పుడు మహిళా యూనివర్సిటీ ఉన్నది గదా, మనం కోఠి విమెన్స్ కాలేజ్ అంటం, అదే. పుత్లీబౌలి దిక్కు ఇండ్లల్ల కూసొని రాత్రంత కాల్పులు. కొత్త నిజాం అఫ్జలుద్దౌలా గద్దె మీద కూసొని అప్పటికి రెండు నెలలు, ఆయన, దివాన్ సాలార్‌జంగ్ ఇద్దరు ఇంగ్లీషోళ్ళ దిక్కే నిలవడ్డరు. నిజాం పోతే అంత పోయినట్టే అని బాంబే గవర్నర్ భయపడ్డడంట, గానీ నిజాం పోలే. మౌల్వీని అండమాన్‌కి పంపిన్రు, తుర్రేబాజ్ ఖాన్‌ని 1859ల కాల్చి చంపిన్రు. నిజాంకి 1860ల 50 లక్షల అప్పు మాఫీ, రాయచూర్, నల్దుర్గ్ వాపస్. గీ లెక్కల చూస్తే జార్జ్ పట్టు పట్టి పోగొట్టుకున్నడు, మన అఫ్జలుద్దౌలా గమ్మునుండి సంపాయించుకున్నడు. ఎవరు మంచి రాజో నన్ను అడగకుండ్రి.

నల్లకుంట నాన్న:

పాప ఒక డౌట్ అడుగుతోంది మేష్టారూ, నాకు సమాధానం రాలేదు. "అన్ని చట్టాల మీదా రాజు సంతకం ఉంటుంది కదా, ఆయన పెట్టను అంటే ఆ పన్నులే వచ్చేవి కాదు కదా, అవతల వాళ్ళు ఇది అడిగితే?" అని.

రిటైర్డ్ మేష్టారు, వనస్థలిపురం:

శభాష్, డిబేట్‌లో అడగాల్సిన ప్రశ్నే. బ్రిటన్‌లో పార్లమెంట్ పాస్ చేసిన బిల్లుకి ఒప్పుకోను అన్న ఆఖరి పాలకురాలు ఆన్ రాణి, 1708లో, స్కాట్లండ్ సైన్యానికి సంబంధించిన బిల్లు. ఆ తర్వాత ఎవ్వరూ కాదనలేదు. జార్జ్ పుట్టింది 1738లో, అంటే ఆయన పుట్టేనాటికే ఆ అలవాటు పోయి 30 ఏళ్ళు. స్టాంప్ చట్టం వచ్చినప్పుడైతే ఆయన జబ్బుగా ఉన్నాడు, ఆయన పేరు మీద కమిషన్ వాళ్ళే ఆమోదం తెలిపారు. కాబట్టి సంతకం గురించి భయపడక్కర్లేదు. కానీ మంత్రి ఎవరుండాలి అన్నది మాత్రం అప్పట్లో చాలావరకు రాజు చేతిలోనే ఉండేది. గ్రెన్‌విల్‌ని తీసేసింది ఆయనే, నార్త్‌ని వదలంది ఆయనే. అవతల వాళ్ళు తెలివైనవాళ్ళయితే సంతకం గురించి కాదు దీని గురించి అడుగుతారు, రెడీగా ఉండమనండి.

ముగింపుకి ఒకటి ఇస్తా. 1785 జూన్ 1న జాన్ ఆడమ్స్ అమెరికా మొదటి రాయబారిగా లండన్‌లో ఈ రాజు ముందుకే వెళ్ళాడు. ఇద్దరికీ గొంతు వణికిందట. రాజు అన్నాడు, విడిపోవడానికి అందరికంటే చివర ఒప్పుకున్నవాణ్ణి నేనే, కానీ విడిపోయాక మీ స్నేహానికి ముందు చెయ్యి చాపేది కూడా నేనే అని. పాపని ఇది చదివేటప్పుడు హడావిడి పడకుండా నెమ్మదిగా చెప్పమనండి.

నల్లకుంట నాన్న:

చాలా చాలా థాంక్స్ అండి అందరికీ. ఇప్పుడే అద్దం ముందు నిలబడి విగ్రహం పార్ట్ ప్రాక్టీస్ చేస్తోంది, 42,088 తూటాలు అని వేలు చూపిస్తూ. ఒక్కటే టెన్షన్, అవతల టీం కెప్టెన్ మా అపార్ట్‌మెంట్‌లోనే థర్డ్ ఫ్లోర్, వాళ్ళ నాన్న కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడని ఇప్పుడే గుర్తొచ్చింది. అన్నా మీరు చదువుతుంటే ఆ నార్త్ సంగతి మాత్రం మీవాడికి చెప్పొద్దు ప్లీజ్.